తెరపై పాతాళయుద్ధము

మంజీర గోదావరిలో కలియు కందకుర్తి సంగమమునకు పడమట, నాందేడు జిల్లా బిలోలి తాలూకాయందు కుండల్‌వాడి యను చిన్న పట్టణము కలదు. 1948 సెప్టెంబరు వరకు నిజాము ప్రభుత్వమునకును, ఆ పిమ్మట ఎనిమిదేండ్లు హైదరాబాదు రాష్ట్రమునకును చెందియుండిన ఈ సీమ, 1956 నవంబరు 1వ తేదీన భాషలను బట్టి జరిగిన పునర్విభజనలో మరాఠ్వాడాతో గూడ బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రలో భాగమయ్యెను. సరిహద్దును భాషను బట్టియే గీసిరి. కాని ఇంటిలోని భాష ఆ గీతను లక్ష్యపెట్టలేదు. కుండల్‌వాడి, ధర్మాబాదు, బిలోలి ప్రాంతములలో తెలుగు నేటికిని అనేక కుటుంబములకు ఇంటి పలుకై నిలిచియున్నది. బడిలోను కచేరీలోను మరాఠీ, పొరుగున ఉర్దూ, నది దాటినచో బోధను, బాసర.

ఈ పట్టణమునకు సరిగా ఎదురురూపమైన ఊరొకటి తెలుగునాటి దక్షిణపు సీమలో కలదు. అది ధర్మవరమునకు సమీపమున, పూర్వపు అనంతపురము జిల్లాలోని నిమ్మలకుంట. అచ్చటి తోలుబొమ్మలాటవారు తమ ఇండ్లలో మాటలాడుకొనునది ఆరె మరాఠీ; తెరవెనుక నిలిచి గొంతెత్తి పాడునది తెలుగు. కుండల్‌వాడిలో మరాఠీ రాజ్యమున తెలుగిండ్లు ఎట్లు నిలిచినవో, నిమ్మలకుంటలో తెలుగు రాజ్యమున మరాఠీ యిండ్లు అట్లే నిలిచినవి. ఒక భాషలో బిడ్డలను పెంచి, మరియొక భాషలో రామరావణయుద్ధమును తరతరములుగ నడిపిన ఆ జనుల వృత్తిని గురించి, ఆ వృత్తికి జ్ఞాతివంటిదై నేటి యువకుల రాత్రులను హరించుచున్న ఒక క్రొత్త ఆటను గురించి, రెంటిని కలిపి చెప్పవలెనని నా సంకల్పము. వానిని కలిపి చెప్పినగాని రెంటి విలువయు తెలియదని నా నమ్మకము.

క్రొత్త ఆటను ముందు పరిచయము చేసెదను. కంప్యూటరు తెరలపై ఆడబడు వీడియో ఆటలలో ఒక జాతి కలదు. అందు లోకమంతయు గోడమీది చిత్రమువలె చదునుగ నుండును. పొడవు వెడల్పులే గాని లోతు లేదు. నాయకుడు ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు నడచును, ఎగురును, నిచ్చెనలెక్కును, ఖడ్గమెత్తును. శిథిలమైన కోటలు, సమాధిగృహములు, గంటలు మ్రోగని దేవాలయములు, అస్థిపంజరములు, శాపగ్రస్తులైన యతులు, వికృతాకారులైన రాక్షసులు అతని మార్గమున నుందురు. పాశ్చాత్యులు ఇట్టి వాతావరణమును గోథిక్ అనుచున్నారు. నాయకునకు అనుభవము పెరిగినకొలది బలము పెరుగును, ఆయుధములు మారును, పూర్వము తెరువని ద్వారములు తెరచుకొనును. అన్నిటికంటె ముఖ్యమైన లక్షణము, ఆట మిక్కిలి కఠినముగ నుండుట. ఆడువాడు పదేపదే చచ్చును. పదేపదే లేచి, చచ్చిన త్రోవనే మరల నడచును.

ఈ జాతికి మూలము ఇంగ్లండులో వెదకవలెను. 1764లో హొరేస్ వాల్‌పోల్ వ్రాసిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' అను నవలతో పాడుపడిన కోట, కుటుంబశాపము, రాత్రి, భయము అనునవి కథకు ప్రధానాంగములయ్యెను. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన 'డ్రాక్యులా' దానిని లోకమంతట వ్యాపింపజేసెను. ఆ డ్రాక్యులాను తెరమీది ఆటలో ప్రతినాయకునిగ నిలిపినది జపానుదేశము. కొనామి సంస్థ 1986 సెప్టెంబరులో వెలువరించిన 'క్యాసిల్‌వేనియా' యందు సైమన్ బెల్మాంట్ అను వీరుడు కొరడా చేతబట్టి డ్రాక్యులా కోటలో ప్రవేశించెను. ఆ యేడే నింటెండో సంస్థ 'మెట్రాయిడ్' అను ఆటను విడుదల చేసి, ఒకే విశాలమైన లోకమున ముందుకును వెనుకకును తిరిగి మార్గమును కనుగొను పద్ధతిని స్థాపించెను. ఈ రెండు ధారలు కలసిన చోటు 1997లో వచ్చిన 'సింఫనీ ఆఫ్ ది నైట్'. అందు నాయకుడు డ్రాక్యులా కుమారుడగు అలుకార్డు. తండ్రి కోటలో కుమారుడు పోరాడును. కోటయంతయు జయించితినని తలచిన తరుణమున, ఆ కోటయే తలక్రిందులై ఆకాశమున వ్రేలాడుచు మరల మొదటినుండి ఎదురగును. ఆయామి కోజిమా చిత్రములును, మిచిరు యమానే సంగీతమును గల ఆ కృతి వెలువడిననాడు లోకమంతయు మూడు కొలతల చిత్రములకై పరుగెత్తుచుండెను. చదునైన తెరకు కాలము చెల్లినదని పలువురు తీర్మానించిన కాలమునందే ఆ చదునైన తెర తన అత్యుత్తమ ఫలమును పండించెను.

ఇక కాఠిన్యము. దానికొక ఆర్థికచరిత్ర కలదు. నాణెము వేసినగాని ఆడనీయని యంత్రములు అంగళ్లలో నిలిచియున్న కాలమున, ఆటగాడు త్వరగ ఓడిపోవుట యజమానికి లాభము. ఓడిన ప్రతిసారి మరియొక నాణెము రాలును. ఆట ఇంటికి వచ్చిన పిమ్మటను, స్వల్పమైన జ్ఞాపకశక్తిగల యంత్రమున ఇమిడిన చిన్న కథను అనేక దినములు సాగదీయుటకు కాఠిన్యమే సాధనమయ్యెను. తరువాత యంత్రములు బలపడి, కథలు పెద్దవై, ఆటలు మెత్తబడెను. 2009లో 'డెమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' అను ఆటలను రూపొందించిన హిదెటాకా మియజాకి ఆ కాఠిన్యమును లాభమునకు గాక రసమునకై పునరుద్ధరించెను. అతని ఆటలలో ఓటమి శిక్షయు, పాఠమును. ఆ మార్గము చదునైన తెరకును ప్రాకి, 2016లో అమెరికాలోని జేమ్స్, మిషెల్ సిల్వా దంపతుల స్కా స్టూడియోస్ నుండి 'సాల్ట్ అండ్ శాంక్చువరీ' వెలువడెను. ఇంత వరకు ఈ చరిత్రలో నాకు గౌరవమే గాని ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యము సెవిల్లెతో ఆరంభమగుచున్నది.

స్పెయినుదేశమున అండలూసియా సీమకు సెవిల్లె రాజధాని. ప్రతి సంవత్సరము ఈస్టరు పండుగకు ముందు వారమున ఆ నగరవీథులలో పవిత్రవారోత్సవము జరుగును. భక్తసంఘములవారు, ఒక్కొక్క సంఘమునకు ఒక్కొక్క వన్నె నిలువుటంగీలు ధరించి, ముఖమును కప్పుచు శిరస్సుపై శిఖరమువలె నిలుచు పొడుగు ముసుగులు తొడిగి, కొవ్వొత్తులు పట్టి మౌనముగ నడతురు. క్రీస్తు యాతనను, మరియమ్మ దుఃఖమును చూపు దారుశిల్పములు గల గొప్ప వేదికలను మోయువారు తెరలచాటున, వేదిక క్రింద నుండుటచే, జనులకు వారి పాదములు తప్ప కానరావు. ఆ పొడుగు ముసుగు ఒకనాడు మతవిచారణ సభలు శిక్షితులకు తొడిగించిన కాగితపు టోపీనుండి వచ్చినదని చరిత్రజ్ఞులు చెప్పుదురు. అవమానచిహ్నమును పశ్చాత్తాపచిహ్నముగ ఆ ప్రజలు మార్చుకొనిరి. ఈ ఉత్సవమును బాల్యమునుండి చూచుచు పెరిగిన యువకులు కొందరు ఆ నగరముననే 'ది గేమ్ కిచెన్' అను చిన్న సంస్థగ ఏర్పడి, 2017లో ప్రజలనుండి చందాలు కోరిరి. వారు అడిగినది 50 వేల డాలర్లు; వచ్చినది 3 లక్షల 30 వేల డాలర్లకు పైగ. 2019 సెప్టెంబరు 10వ తేదీన వారి 'బ్లాస్‌ఫెమస్' విడుదలయ్యెను.

ఆ ఆటలోని లోకము పేరు క్వస్టోడియా. 'అద్భుతము' అని జనులు పిలుచు ఒక దైవశక్తి అచ్చట వరమును శాపమును భేదము లేకుండ కురిపించుచుండును. పాపమన్న భావము మనుష్యుల శరీరములయందే వికృతులై ప్రత్యక్షమగును. నాయకునకు పేరు లేదు. పశ్చాత్తాపి యని మాత్రమే పిలుతురు. అతడు మౌనవ్రతము పూనిన సంఘమునకు చెందినవాడు; తన సోదరుల శవరాశి మధ్య కన్ను తెరచును; మొదటి శత్రువును కూల్చి, ఆ శత్రువు రక్తముతో తన శిఖరాకారపు శిరస్త్రాణమును నింపి, ఆ రక్తము మేనంతట కారుచుండ దానిని తలకెత్తుకొనును. చనిపోయిన ప్రతిసారి అతని అపరాధశకలము ఆ స్థలముననే మిగిలిపోవును. దానిని వెదకి తెచ్చుకొనువరకు అతని శక్తి తగ్గియుండును. ఆటలోని నియమము, కథలోని తత్త్వము ఒకటే యైన చోటిది. ప్రాయశ్చిత్తమును గూర్చి వేయి పుటలు వ్రాయుటకంటె, ఓడినచోటికి తానే మరల నడచిపోవలసిన అవస్థను ఆడువానికి కల్పించుట బలమైన బోధ యని నేను తలచుచున్నాను. మురిల్లో, వెలాస్కెజ్ పుట్టిన ఆ నగరపు చిత్రకళ, గోయా చిత్రముల చీకటి, చర్చిగోడల నెత్తుటి శిల్పములు అన్నియు చిన్న చిన్న చదరపు వర్ణబిందువులతో మరల గీయబడెను. ఆట మొదట ఇంగ్లీషు గొంతులతో వెలువడెను. మరుసటి సంవత్సరము స్పానిషు గొంతులను చేర్చిరి. 2023లో రెండవ భాగమును వచ్చెను.

సెవిల్లెవారు చేసిన పనిలో పరదేశానుకరణము లేకపోలేదు. ఆట పద్ధతి జపానునుండియే తెచ్చిరి. కాని ఆ పద్ధతిలో పోసిన పదార్థము వారి వీథిలోనిది, వారి తాతలు మోసినది. జపాను శిల్పి డ్రాక్యులా కోటను ఊహించి గీసెను. సెవిల్లె శిల్పి తన గుమ్మము ముందర నడచినదానిని గీసెను. రెండవదాని బలము వేరు.

మన గుమ్మము ముందర నడచినదేమి? ఇచ్చట తోలుబొమ్మల చరిత్ర చెప్పవలసియున్నది. కాకతీయుల కాలమున పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్యచరిత్ర'మున, శ్రీశైలమునందలి వేడుకలను వర్ణించుచు, ఈ ఆటను పేర్కొనెను. అనగా ఏడువందల యేండ్లకు పూర్వమే తెలుగుజనము చీకటిలో కూర్చుండి, వెలుగుతెరపై చదునైన వీరులు పోరాడుచుండ చూచి యుండిరి. గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన 'రంగనాథ రామాయణము' ద్విపదలో నుండుటచే తాళమునకు చక్కగ నొదిగి, బొమ్మలాటవారికి పాఠ్యగ్రంథమువంటిదయ్యెను. సామాన్యజనుల ఆటపాటలను రాజుల యుద్ధములతో సమానముగ చరిత్రలో చేర్చవలెనని సురవరము ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో చూపిన మార్గము లేకున్నచో ఇట్టి వృత్తులను గూర్చి వ్రాయుటకు మనకింత ధైర్యము కలిగెడిది కాదు.

బొమ్మ పుట్టుక గొప్ప శ్రమతో గూడినది. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెట్టగా, అది కాంతిని లోనికి పోనిచ్చునంత పలుచనగును. దేవతలకు, కథానాయకులకు కృష్ణజింక తోలును, దెబ్బలకోర్చు భీముడు, రావణుడు వంటివారికి దుప్పితోలును, తక్కినవారికి మేకతోలును వాడు ఆచారము పూర్వముండెను. తోలుపై రూపమును గీసి, నగలున్నచోటను వస్త్రపుటంచులందును చిన్న ఉలులతో వేలకొలది రంధ్రములు తొలిచి, రెండువైపుల రంగులద్దుదురు. వెనుక దీపము వెలిగినపుడు ఆ రంధ్రములే రత్నములగును. భుజములవద్ద, మోచేతులవద్ద, మోకాళ్లవద్ద తోలుముక్కలను వేరువేరుగ చేసి దారముతో కూర్తురు. భారతదేశమందలి తోలుబొమ్మలలో మన ఆంధ్రపు బొమ్మలే మిక్కిలి పెద్దవి. నాలుగడుగులనుండి ఆరడుగుల వరకు నుండును. ఒక్క పాత్రకే భిన్నసందర్భములకు భిన్నమైన బొమ్మలుండును: కొలువులో నున్నవాడు వేరు, యుద్ధమునకు లేచినవాడు వేరు.

వీడియో ఆటలను తయారుచేయువారు నేడు అనుసరించు పద్ధతులు రెండు. ఒకటి, నాయకుని ప్రతి కదలికకు వేరువేరుగ బొమ్మలు గీసి వరుసగ చూపుట. సెవిల్లెవారు చేసినది ఇదియే. రెండవది, శిరస్సు, మొండెము, బాహువులు, జంఘలు వేరువేరుగ ఒక్కసారి గీసి, కీళ్లవద్ద కూర్చి, ఆ కీళ్లను త్రిప్పి నడక పుట్టించుట. ఈ రెండవ పద్ధతి కంప్యూటరు పుట్టిన పిదప కనుగొన్నది కాదు; నిమ్మలకుంటవారి తాతముత్తాతల చేతులలో వందల యేండ్లు ఆడినదే. జర్మనీదేశపు లొట్టె రైనిగర్ 1926లో నల్లని కాగితపు ముక్కలను కీళ్లతో కూర్చి 'ప్రిన్స్ అహ్మద్' సాహసకథను చలనచిత్రముగ నిర్మించినపుడు ఆమె ఛాయానాటకములకు తాను ఋణపడితినని దాచలేదు. ఆ వంశక్రమమున మన బొమ్మలకును స్థానము కలదు. నల్లని నీడలుగ గాక, రంగురంగుల కాంతిగ తెరపై నిలుచుట మనవాని విశేషము.

ప్రదర్శనమును గూర్చి కొంత చెప్పెదను. రెండు తెల్లని పంచెలను కలిపి కట్టిన తెర, పైభాగము ప్రేక్షకుల వైపునకు వాలి యుండును. వెనుక పూర్వము ఆముదపు దీపములు, పిదప పెట్రోమాక్సు, తరువాత విద్యుద్దీపములు. కదలని బొమ్మలను ఈతముండ్లతో తెరకు గ్రుచ్చి నిలుపుదురు. గణపతి, సరస్వతుల స్తుతి ముగిసిన తరువాత కథ. ఆడించువాడు రెండు చేతుల రెండు బొమ్మలను పట్టి, రెంటికిని తానే మాటలు చెప్పి, పద్యము పాడి, కాలి గజ్జెలతో తాళము వేసి, యుద్ధఘట్టమున కాలి క్రింది చెక్కలను దబదబ త్రొక్కి ఉరుముల ధ్వని పుట్టించును. స్త్రీలు స్త్రీపాత్రలకు గొంతునిచ్చి పాడుదురు. సంప్రదాయకళలలో ఆడువారికి ఇంతటి పాత్ర నిచ్చినవి మిక్కిలి కొద్ది. తెల్లవారువరకు ఆట. కథ బరువెక్కినపుడు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశించి సభను నవ్వింతురు. వానలు కురియని యేడు విరాటపర్వమాడించిన వర్షము వచ్చునని గ్రామములవారు విశ్వసించిరి. కాఠిన్యమంతయు ఆ కాలమున ఆడించువానిది; చూచువాడు సుఖాసీనుడు. క్రొత్త ఆటలో ఆ బరువు చూచువాని చేతులపై పడినది. తెర ముందరివాడు తెరవెనుకకు వచ్చి బొమ్మను తానే పట్టుకొనినాడు. ఈ రెండు కళలకు నడుమ జరిగిన అసలు మార్పు ఇదియే గాని, కరెంటు రాకయు కంప్యూటరు రాకయు కాదు.

ఇక భయానకరసము. రామాయణమంతయు ధర్మవీరమే యని, పాశ్చాత్యుల గోథిక్ చీకటికి సాటియగునది మనయందు లేదని ఎవరైన తలచినచో వారు మైరావణచరిత్రను చూచి యుండరు. వాల్మీకిలో లేని ఈ కథ జానపదుల సొత్తు, బొమ్మలాటవారికి ప్రాణసమానము. రావణుని పక్షమున పాతాళాధిపతియగు మైరావణుడు రామలక్ష్మణులను కాళికి బలియిచ్చుటకై అపహరింపబూనును. హనుమంతుడు తన వాలమును కోటగ చుట్టి లోపల వారిని కాపాడుచుండ, రాక్షసుడు విభీషణుని రూపమున వచ్చి కోట దాటి నిద్రించుచున్న సోదరులను కొనిపోవును. అపుడు హనుమంతుడు తామరతూడు మార్గమున పాతాళమున దిగును. ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క కావలివాడు. ఒక ద్వారమున మత్స్యవల్లభుడు ఎదురించును. ఎంత పోరాడినను ఓడడు. తుదకు అతడు తన చెమటబిందువునుండి పుట్టిన కుమారుడేయని హనుమంతునకు తెలియును. లోపల మైరావణుని సోదరి, తన కుమారుని చెర విడిపింపగోరి, నీటికుండతోపాటు హనుమంతుని సూక్ష్మరూపమున లోనికి చేర్చును. మైరావణుని ప్రాణములు అతని శరీరమున లేవు. ఐదు తుమ్మెదలలో నున్నవి. వానిని కనుగొని నలిపినగాని ఎంత కొట్టినను వాడు చావడు.

ఈ కథలో క్రొత్తగ కల్పింపవలసిన దేమున్నది? భూగర్భకోట, ద్వారపాలకుల వరుస, ఓడింపరాని శత్రువుని రహస్యము, రూపమును మార్చు శక్తి, బలిపీఠము, నడిరాత్రి గడువు, తండ్రికి ఎదురునిలిచిన కొడుకు, అన్నియు సిద్ధముగ నున్నవి. అలుకార్డు తండ్రి కోటలో పోరాడిన కథను జపానువారు 1997లో చెప్పిరి; తండ్రిని పాతాళద్వారమున నిలిపివేసిన మత్స్యవల్లభుని కథను మన బొమ్మలవారు తెలియని కాలమునుండి తెల్లవార్లు చెప్పుచున్నారు.

గోదావరి వెంట ఎగువకు పోయినచో ఈ చదునైన యుద్ధకళకు మరియొక శాఖ కనబడును. నాందేడునకు ఎగువననున్న పైఠణు పేర ప్రసిద్ధములైన చిత్రకథీ పటములు అచ్చముగ మన తోలుబొమ్మలవలె పక్కచూపు ముఖములు, విశాలనేత్రములు, ఎత్తిన ఆయుధములు గలవి. కొంకణమున కుడాళునకు సమీపమునగల పింగుళి గ్రామమున ఠాకరు తెగవారు సావంతవాడి సంస్థానపు ఆదరమున ఆ పటముల కథను, తోలుబొమ్మలను, కట్టెబొమ్మలను నేటివరకు నిలిపిరి. ఇటు తెలంగాణమున చేర్యాల నకాశీవారు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసిన వస్త్రముపై, ఎఱ్ఱని నేపథ్యమున, వరుసలు వరుసలుగ కులపురాణములను చిత్రించి పదుల అడుగుల పొడుగు పటములు చేసిరి. పటము విప్పుచుండ కథ నడచును. పద్మశాలీలకు కూనపులివారు చెప్పు భావనాఋషి పురాణమున, నేతకు ఆదిపురుషుడైన ఋషి పులినెక్కి రాక్షసులతో పోరాడును. నాందేడులో, షోలాపురములో, భివండిలో మగ్గమును నమ్మి స్థిరపడిన తెలుగు పద్మశాలీలకు ఈ పురాణము వంశకథ. కావున కుండల్‌వాడి ప్రాంతమున నివసించు తెలుగు బాలుడు, ఇటు పైఠణు పటమునకు అటు చేర్యాల పటమునకు నట్టనడుమ పుట్టినవాడు. అంతటి సంపద రెండువైపుల నుండగా అతనికి తెలిసిన రాక్షసుడు రుమేనియాదేశపు డ్రాక్యులా యగుట నాకు బాధ కలిగించుచున్నది.

తెర వెలుగు చేతులు మారిన క్రమమును గూడ గుర్తింపవలెను. మహారాష్ట్రములోని కళ్యాణమున 1890ల దశకమున మహాదేవ పట్వర్ధనుడు 'శాంబరిక్ ఖరోలికా' యను పేర గాజుపలకలపై చిత్రించిన పురాణదృశ్యములను దీపయంత్రముతో తెరపై చూపెను. 1917లో దాదాసాహెబు ఫాల్కే 'లంకాదహనము' తీసెను. బొమ్మలవారి తెరపై అతి ప్రియమైన ఆ ఘట్టమే సినిమా తెరపైనను జనులను ఆకర్షించెను. టూరింగు టాకీసులు గ్రామములకు చేరినకొలది బొమ్మలాట పందిళ్లు తగ్గెను. దూరదర్శనము వచ్చిన పిదప మరియు తగ్గెను. నిమ్మలకుంట కళాకారులు తమ తోలును దీపపు తొడుగులుగ, గోడపటములుగ మలచి బ్రదుకుచున్నారు. భౌగోళికగుర్తింపు లభించినది, ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది, పింగుళికి చెందిన పరశురామ గంగావణేగారికి మరుసటి సంవత్సరము అదే గౌరవము దక్కినది. గౌరవములు వచ్చినందుకు సంతోషము. కాని దీపపు తొడుగుపై చిత్రించిన హనుమంతుడు కదలడు. పోరాడుటకై పుట్టిన బొమ్మ గదిమూల నిలువబడి యుండుట ఆ కళకు రక్షణమో, సమాధియో విచారింపవలసియున్నది.

మన దేశమున ప్రయత్నమే జరుగలేదని నేననను. పుణెనగరములోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో 'రాజీ' అను ఆటను వెలువరించెను. సోదరుని రాక్షసులు ఎత్తుకొనిపోగా వానిని వెదకుచు బయలుదేరిన రాజీయను బాలిక దుర్గ అనుగ్రహమున ఆయుధములు పొంది పోరాడును. ఆ ఆట చదునైన తెరది కాదు, పైనుండి చూచునది. కాని కథను చెప్పు ఘట్టములన్నియు తోలుబొమ్మల తీరున రచింపబడినవి. 2017లో ప్రజల చందాలకై చేసిన ప్రయత్నము విఫలమైనను వారు విడువక పూర్తిచేసిరి. వారి పట్టుదలకు నా నమస్కారము. అయితే అందు బొమ్మలు కథకు అలంకారముగ నిలిచినవి. బొమ్మయే నాయకుడై, తోలు కీళ్లే యుద్ధమై, చెక్కల త్రొక్కుడే ఉరుమై, ద్విపదయే గొంతై నడచు ఆట ఇంకను రావలసియున్నది.

అది వచ్చుటకు ధనముకంటె ముందు వినయము కావలెను. సెవిల్లె యువకులు తమ వీథిని పుస్తకములలో చదివి గీయలేదు. కొవ్వొత్తుల మైనము రాలిన రాళ్లపై నడచి గీసిరి. హైదరాబాదు, పుణె, నాందేడు నగరములలో కంప్యూటరుపై బొమ్మలు గీయు విద్య నేర్చుచున్న తెలుగు మరాఠీ యువకులు, ఒక్క రాత్రియైన బొమ్మలాటను తెరముందర గాక తెరవెనుక కూర్చుండి చూడవలెనని ప్రార్థించుచున్నాను. బొమ్మ మోచేయి ఎచ్చట విరుగునో, మైరావణుడు తెరలోనికి ఏ ప్రక్కనుండి వచ్చునో, మత్స్యవల్లభుని యుద్ధము ఎంతసేపు సాగవలెనో ఎఱిగినవారు ఇంకను కలరు. వారికి పారితోషికమిచ్చి, శిల్పులుగ పేరు వేసి, రాబడిలో భాగమిచ్చి పనిలో చేర్చుకొనవలెను. వారి బొమ్మలను ఛాయాచిత్రములు తీసికొనిపోయి చాలునని తలపరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర ప్రభుత్వములు ఈ ఆటల పరిశ్రమకు ఇచ్చు ప్రోత్సాహములో కొంత భాగమును నిమ్మలకుంట, పింగుళి, చేర్యాల కళాకారుల సహకారముతో జరుగు పనులకే కేటాయింపవలెను. కుండల్‌వాడిలో తెలుగు మాటలాడుచు మరాఠీ చదువు బాలుడు ఈ పనికి అందరికంటె అర్హుడు. నిమ్మలకుంట వృద్ధుని ఇంటిభాషయు, పాటభాషయు రెండును అతనికి ముందే వచ్చియున్నవి.